ముద్ర లేని చరణం

పోయిన నెల మా ఇంటికి ఒక పార్సెల్ వచ్చింది. విప్పితే లావుపాటి అచ్చు ప్రతి, దాని మీద పిన్ను గుచ్చి ఒక ఉత్తరం. నాకు సంగీతం నేర్పిన సీతాపతి సారు కృతులన్నిటినీ స్వరాలతో సహా ఆయన కొడుకు పుస్తకంగా వేయిస్తున్నాడట. "మీరు నాన్నగారి ప్రియశిష్యురాలు, స్వయంగా వాగ్గేయకారులు కూడా. ముందుమాట మీరు రాస్తేనే పుస్తకానికి నిండుదనం" అని రాశాడు. మర్యాదస్తుడు, తప్పు పట్టడానికి లేదు. మొదటి పేజీ తిప్పాను. మొదటి కృతి, ఆనందభైరవి రాగం, ఆది తాళం. "ఏ వాకిట నిలుతునమ్మ, నీ వాకిలి మూసిన వేళ." ఆ పాట నాది. పదహారేళ్ళ వయసులో, జనగామలో, మా ఇంటి వెనక కొట్టంలో చింతపండు బస్తాల మధ్య కూర్చుని నేను కట్టిన పాట. చరణం చివర మాత్రం "సీతాపతి వినుత" అని ఆయన ముద్ర ఉంది. ముద్ర అంటే పాట కట్టినవారి సంతకం. తమ పేరునో, తమ ఇష్టదైవం పేరునో చరణంలో ఒకచోట పొదుగుతారు. వందేళ్ళ తర్వాత ఎవరు పాడినా ఆ చోటికి వచ్చేసరికి కట్టినవాళ్ళ పేరు పలకక తప్పదు. ముందుమాట కోసం మూడు రోజులు కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు, వచ్చిందల్లా కోపం. ఈ వయసులో రక్తపోటు మాత్రలు మింగుతూ కోపం తెచ్చుకోకూడదని మా డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ముందుమాట పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

మాది జనగామలో కిరాణా వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక సరుకు దింపుకునే కొట్టం. కొడకండ్ల వైపు నుంచి పల్లికాయ బండ్లు వచ్చేవి. కొత్తగూడ అడవుల నుంచి చింతపండు, కుంకుడుకాయలు, తేనె డబ్బాలు వచ్చేవి. మా ఇంటికి ఏ నెలకు ఆ నెల వాసన మారేది. ఎండాకాలం మొదట్లో ఇల్లంతా పులుపే, నిద్రలో కూడా నోట్లో నీళ్ళూరేవి. తండాల ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి మా పెరట్లో వరసగా కూర్చుని, రాళ్ళతో చింతకాయ కొట్టి గింజ తీసేవారు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకునేవారు, మా అమ్మతో తెలుగులో పోట్లాడేవారు. పది పన్నెండు రాళ్ళు మొదట ఎవరి చప్పుడు వాళ్ళదిగా పడి, కాసేపటికి తెలియకుండానే ఒకే లయలో కలిసేవి. నేను తాళం నేర్చుకున్నది సారు దగ్గరే అని అందరికీ చెబుతుంటాను కానీ, సారు రాకముందే అది నా ఒంట్లో ఉంది. ఆనందభైరవి కూడా అంతే. ఆ రాగానికి అలాంటి పేరుందని తెలియకముందే మా ఇళ్ళలో పెళ్ళిళ్ళకు ముసలివాళ్ళు పాడే పాటల్లో ఎన్నిసార్లు విన్నానో.

ఇక మా బాపు. ఆయనకు ఒక్క స్వరం సరిగ్గా పలికేది కాదు, కానీ చెవి మాత్రం పాము చెవి. సాయంత్రం దుకాణం కట్టేసి, పెరట్లో కుంకుడు నురగతో మోచేతుల దాకా కడుక్కుని, కుర్చీ వాకిట్లో వేసుకుని కూర్చునేవాడు. "ఇయ్యాల ఏం నేర్చినవ్ బిడ్డ, పాడు" అనేవాడు. నేను బద్ధకించి పాటలో ఒక సంగతి, అంటే రాగం తిరిగే ఒక మెలిక, మింగేస్తే వెంటనే పట్టుకునేవాడు. "నిన్న గక్కడ ఇంకొంచెం తిరిగినట్టుండె గద, ఇయ్యాల సీదా వచ్చినవేంది?" అని. గొంతుకు మంచిదని మిరియాలు, పటికబెల్లం విడిగా పొట్లం కట్టి ఉంచేవాడు, దాన్ని తమ్ముళ్ళు ముట్టుకోవడానికి లేదు. మిరజ్ నుంచి నాకోసం తంబూరా తెప్పించాడు. అది రైల్లో దిగిన రోజు హమాలీల చేతికి ఇవ్వకుండా స్టేషను నుంచి ఇంటిదాకా తనే భుజాన మోసుకొచ్చాడు. షావుకారు తంబూరా మోసుకొస్తుంటే బజారంతా నవ్వింది, ఆయన పట్టించుకోలేదు. మా కులంలో ఆడపిల్లకు లెక్కలు రాకపోతే చిన్నతనం కానీ సంగీతం రాకపోతే ఎవరూ అడగరు. ఆయన నేర్పించాడు. ప్రపంచంలో నా పాటను నాకంటే ఎక్కువగా కోరుకున్న మనిషి ఎవరంటే ఆ రోజుల్లో క్షణం ఆలోచించకుండా బాపు అని చెప్పేదాన్ని.

సీతాపతి సారు కోస్తా నుంచి వచ్చి మా ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేవారు. భార్య, కొడుకు ఊళ్ళోనే ఉండిపోయారు, ఆయన ఇక్కడ ఒక గది తీసుకుని చేయి కాల్చుకునేవారు. బడి అయ్యాక మా ఇంటికి వచ్చి నాకు విడిగా పాఠం చెప్పేవారు. మంచివారే కానీ నోరు ఊరుకోదు. నేను "సార్, నిన్న పాఠం చదవలే, ఇంటికి సుట్టాలొచ్చిన్రు" అంటే చాలు, "చదవలే, రాయలే, పాడలే" అని నా మాటలకే స్వరం కట్టి, గమకాలు వేసి పాడి ఏడిపించేవారు. నేను మూతి ముడుచుకుని లోపలికి పోతే మా అమ్మ కాఫీ గ్లాసు నా చేతికే ఇచ్చి మళ్ళీ బయటికి తోలేది. కానీ ఆయన పాడటం మొదలుపెడితే ఆ వెక్కిరింత ఏమైపోయేదో తెలియదు. ఆయనే కృతులు కట్టేవారు. కట్టేటప్పుడు మాటలన్నీ పెన్సిలుతో రాసేవారు. ముద్ర చోట ఖాళీ వదిలి, పాడేటప్పుడు అక్కడ ఊరికే "ఆ" అని రాగం తీసేవారు. మూడు పున్నములు గడిచేదాకా రోజూ పాడుకుని, ఎక్కడా ఇక చెరపనక్కర్లేదని తేలాక అప్పుడు సిరా బుడ్డి తీసి ముద్ర రాసేవారు. "పురిట్లో పిల్లకు ఆ రోజే పేరు పెడతామా? కాస్త నిలదొక్కుకోనీ" అనేవారు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవ మొదలైంది. మొదట కాలేజీ పిల్లలు, తర్వాత అందరూ రోడ్డెక్కారు. బడులకు తాళాలు పడ్డాయి. బాపు దుకాణం ముందు నుంచి ఊరేగింపు పోతే తనూ నిలబడి జై కొట్టేవాడు, పిల్లలకు మంచినీళ్ళ కుండ, బెల్లం బయట పెట్టించేవాడు. ఆంధ్ర ఉద్యోగులు వెళ్ళిపోవాలన్న మాట రోజురోజుకూ గట్టిపడింది. ఒకనాడు సారు గది మీద రాళ్ళు పడ్డాయని కబురొచ్చింది. బాపు బండి కట్టించి, ఎండుమిరప బస్తాల మధ్య సారును కూర్చోబెట్టి, పైన గోనె కప్పి తీసుకొచ్చాడు. దారి పొడుగునా బస్తాలు తుమ్ముతూనే ఉన్నాయట. మూలమలుపు దగ్గర నిలబడ్డ పిల్లలు బండి ఆపి, గోనె ఎత్తి చూసి, కళ్ళూ ముక్కూ కారిపోతున్న సారును చూసి నవ్వు ఆపుకోలేక వదిలేశారు. అందులో ఇద్దరు బాపు బెల్లం తిన్నవాళ్ళే. పక్కింటాయన వచ్చి "ఏంది షావుకారీ, ఆంధ్రోన్ని ఇంట్ల పెట్టుకున్నవ్?" అని అడిగితే బాపు, "లడాయి సర్కారుతోని. పాట చెప్పే పంతులుతోని మనకేం లడాయి?" అన్నాడు. ఆ మాటకు నా గుండె ఎంత పొంగిందో.

సారు మా కొట్టంలో ఉండిపోయారు. బయటికి పోవడానికి లేదు, ఆయనకూ నాకూ బడి లేదు. పొద్దున ఆయన స్నానం అయ్యాక మొదలుపెడితే భోజనాల దాకా, మళ్ళీ మూడింటి నుంచి దీపాలు పెట్టేదాకా పాఠం. అంత సంగీతం నా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ అంత తీరిగ్గా దొరకలేదు. ఒకరోజు ఆయన విసుగ్గా, "తిని కూర్చోవడమేగా మన పని. నువ్వూ ఒక కృతి కట్టు చూద్దాం" అన్నారు. వేళాకోళంగానే అన్నారు. నేను మాత్రం పట్టుకున్నాను. ఆ వారం బంద్ జరుగుతోంది. ముందు తలుపు సందులోంచి చూస్తే బజారంతా మూసిన తలుపులే. బడి మూసి ఉంది, దుకాణం మూసి ఉంది, సారు కోసం మా వాకిలీ మూసి ఉంది. పెరట్లో చింతకాయ కొట్టే రాళ్ళు ఒకటే పడుతున్నాయి. అమ్మవారిని అడుగుతున్నట్టుగా పల్లవి వచ్చేసింది. "ఏ వాకిట నిలుతునమ్మ, నీ వాకిలి మూసినంక." అనుపల్లవికి నాలుగు రోజులు పట్టింది, చరణానికి వారం పైన పట్టింది. అన్నం తింటూ గొణుక్కుంటే అమ్మ కసురుకునేది. పాట మొత్తం కుదిరిన రోజు సారు ముందు కూర్చుని పాడాను. అయిపోయాక ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని, "ఇంకోసారి పాడమ్మా" అన్నారు. రెండోసారి అయ్యాక, "ఆ మూసినంక అన్న మాట మార్చు, బాగోలేదు" అన్నారు. "అది మార్చ సార్" అన్నాను. "మొండిదానివి" అన్నారు, కానీ నవ్వలేదు, నా మాటకు స్వరం కట్టి పాడలేదు. అదే నాకు దొరికిన బహుమానం. "ముద్ర చోటు ఖాళీగా ఉంచు. మూడు పున్నములు పోనీ. సిరాబుడ్డి నేనే ఇస్తాను" అన్నారు.

ఆ సాయంత్రమే బాపు ముందు పాడాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చరణం చివరికి రాగానే కళ్ళు తెరిచాడు. "గా కొసకు ఏందది, ఊరికెనే ఆ అని గుంజుతున్నవ్? మాట మర్చినవా?" అన్నాడు. ఆయన చెవికి ఏదీ తప్పదని చెప్పాను కదా. నేను గర్వంతో ఉబ్బిపోతూ చెప్పాను. "మర్వలే బాపు. గక్కడ నా పేరొస్తది. వరలక్ష్మి అని. గీ పాట ఎవ్వలు పాడినా గక్కడ నా పేరు పాడాల్సిందే."

"ఎవ్వలు పాడినానా?" అని అడిగాడు.

"ఎవ్వలు పాడినా, ఏడ పాడినా."

ఆయన పొట్లం విప్పి పటికబెల్లం ముక్క నా చేతిలో పెట్టాడు. నేను అది చప్పరిస్తూ లోపలికి పోయాను. ఆ సంభాషణను తర్వాత నేను వెయ్యిసార్లు తలుచుకుని ఉంటాను. నా నోటితో నేనే చెప్పాను, ఎవరూ చాటుగా విని మోయలేదు.

మూడు పున్నములు గడవలేదు. రెండోది దాటాక రైళ్ళు కాస్త సక్రమంగా నడుస్తున్నాయని తెలిసి, సారు ఊరికి బయల్దేరారు. పోయే ముందు నా నోటుబుక్కు అడిగారు. స్వరాలు తప్పులు లేకుండా సాపు చేసి, పోస్టులో పంపుతానన్నారు. బాపు ఆయన్ని స్టేషనుకు తీసుకుపోయాడు. నేను మూడో పున్నమి లెక్కపెట్టుకుంటూ పోస్టుమాన్ కోసం చూశాను. పున్నమి వచ్చింది, పుస్తకం రాలేదు. "సారు ఉత్తరం రాసిండా బాపు?" అని అడిగితే, "ఆయనకు ఎన్ని పనులో బిడ్డ, వస్తది తియ్" అనేవాడు. ఆ లోపల మానుకోట సంబంధం ఖాయమైంది. బట్టల వ్యాపారం, మంచి కుటుంబం. మహబూబాబాద్ అని రైల్వే బోర్డు మీద ఉంటుంది కానీ మేమెవరం అలా అనం. పెళ్ళయి మానుకోట పోయాను. తంబూరా నాతో వచ్చింది. పెళ్ళిచూపుల్లో నా చేత ఒక పాట పాడించుకున్నవాళ్ళే, కాపురానికి వచ్చాక పూజ వేళ తప్ప పాడమనలేదు. నేనూ పెద్దగా బాధపడలేదు. నోటుబుక్కు వస్తే ముద్ర రాసుకోవాలి, ఆ తర్వాత సంగతి చూద్దాం అనుకున్నాను.

పెళ్ళయిన రెండో ఏడు, ఒక శుక్రవారం పొద్దున. మా అత్తమ్మ దేవుడి గది శుభ్రం చేసుకుంటూ రేడియోలో భక్తి పాటలు పెట్టింది. నేను దుకాణానికి పంపాల్సిన చీరలు మడత పెడుతున్నాను. ఎవరో ఒకావిడ ఆనందభైరవి ఎత్తుకుంది. రెండు క్షణాలు నేను నా పాట గుర్తుపట్టలేదు. అంత బాగా పాడుతోందావిడ. తర్వాత పల్లవి విన్నాను. మూసినంక పోయింది, మూసిన వేళ అయింది. మిగతాదంతా నాదే, సంగతులతో సహా. నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఇంకా ఆశ చూడండి, చరణం చివరి దాకా నేను నా పేరు కోసమే ఎదురుచూశాను. సారు సాపు చేసి ఎవరికో నేర్పించి ఉంటారు, వరలక్ష్మి అని పాడుతుందిప్పుడు, మా అత్తమ్మ వింటుంది అనుకున్నాను. "సీతాపతి వినుత" అని పాడింది. మా అత్తమ్మ గుడ్డ పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంది. "ఎంత మంచి పాట. ఎవలు కట్టిన్రో గని, పుణ్యాత్ముడు" అంది. ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నాకు రాలేదు. ఒళ్ళంతా మండింది.

ఆ రోజే బాపుకు ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. ఇంట్లో దాచుకుని, అన్నం పెట్టి, ప్రాణం కాపాడితే మన ఇంట్లోనే దొంగతనం చేసి పోయాడని రాశాను. రాయకూడని మాటలు కూడా రాశాను. బాపు నుంచి కార్డు వచ్చింది. "సారు పెద్దాయన. మనం ఒకటంటే ఎవరు నమ్ముతరు? మనసుల పెట్టుకోకు బిడ్డ. ఆరోగ్యం చూసుకో." నేను దాన్ని ఓదార్పు అనుకున్నాను. పాపం బాపు ఎంత నొచ్చుకుని ఉంటాడో, అయినా నాకోసం దిగమింగుకుంటున్నాడు అనుకుని ఆయనకోసం కూడా సారునే తిట్టుకున్నాను. తంబూరా అటక ఎక్కింది. పదేళ్ళకు పైగా నేను ఆనందభైరవి పాడలేదు, ఎవరైనా పాడుతుంటే లేచిపోయేదాన్ని. కోస్తా మాట చెవిన పడితే చాలు, మూతి ముడిచేదాన్ని. ఒక మనిషి మీద కోపాన్ని ఒక ప్రాంతం మీద పరిచి కూర్చున్నాను. చాలా సుఖంగా ఉండేది, ఎందుకంటే నా ఇంట్లో తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు.

భూపాలపల్లిలో బొగ్గు బావులు తవ్వడం మొదలయ్యాక మా ఆయన అక్కడ ఇంకో బట్టల దుకాణం తెరిచాడు. మేమిద్దరం పిల్లలతో అక్కడికి మారాం. ఎర్రమట్టి, కొత్తగా లేస్తున్న క్వార్టర్లు, ఉతికి ఆరేసిన గుడ్డల మీద నల్లటి దుమ్ము. అత్తగారి ఇల్లు కాదు కనుక తంబూరా దించాను. కార్మికుల పిల్లలు, తర్వాత వాళ్ళ అమ్మలు కూడా వచ్చి నేర్చుకునేవారు. అక్కడే నా రెండో కృతి కట్టాను. కట్టిన రోజే, కాగితం ఆరకముందే సిరాతో నా పేరు రాసుకున్నాను. మూడు పున్నములూ లేవు, మూడు నిమిషాలూ లేవు. ఈనాటికీ నా పద్ధతి అదే. ముందు ముద్ర చోటు ఖాయం చేసుకుని, దాని చుట్టూ పాట కడతాను. ఇది పిచ్చి పద్ధతి అని పండితులు నవ్వుతారు, నవ్వనీ.

ఒక మధ్యాహ్నం పిల్లలకు గీతం చెబుతున్నాను. గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి వింటున్నారు. చేతిలో గొడుగు, మెడకు మఫ్లరు. "జనగామ షావుకారు గారి అమ్మాయివేనా?" అన్నారు. గొంతు విని గుర్తుపట్టాను. సారు కొడుకు ఇంజనీరై ఈ బావుల్లోనే ఉద్యోగానికి వచ్చాడట, కొడుకు దగ్గర ఉండటానికి సారు వచ్చారట. కూర్చోమనలేదు. పిల్లల్ని పంపేసి, పన్నెండేళ్ళుగా లోపల కూడబెట్టినదంతా నిలబెట్టి అడిగేశాను. ఆయన ఆ గుమ్మంలోనే నిలబడి, తల వంచుకుని అంతా విన్నారు. తర్వాత, "నీకు చెప్పలేదా? ఇంతకాలం నీకు తెలుసుననుకున్నానమ్మా" అన్నారు.

"ఏం తెలుసు?"

"స్టేషనులో మీ నాన్నగారు నా చేతులు పట్టుకున్నారు. 'సారూ, ఇన్ని దినాలు మిమ్మల్ని నేను ఏదీ అడగలేదు, ఒక్కటి అడుగుతాను' అన్నారు. నీ పాటకి నా ముద్ర పెట్టుకోమన్నారు. పుస్తకం వెనక్కి పంపవద్దన్నారు. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని ఇద్దరం మాట ఇచ్చుకున్నాం. మానుకోట వాళ్ళు నిన్ను చూసి వెళ్ళారట. వాళ్ళ ముసలావిడ అందిట, పాడే పిల్ల అయితే ఫరవాలేదు కానీ పేరు పెట్టుకుని పాటలు కట్టేవాళ్ళు సంసారుల ఇళ్ళలో ఉండరు అని. నీ పేరు ఎవరెవరి నోళ్ళలోనో పడుతుందని ఆయన భయం. నేను మీ ఉప్పు తిన్నాను, ప్రాణంతో బయటపడ్డాను. కాదని ఎలా అనను చెప్పు?"

నేను నమ్మలేదు. అబద్ధం చెబుతున్నారని ముఖం మీదే అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "మొదటిసారి నా ముద్రతో పాడినప్పుడు సిగ్గేసింది. తర్వాత పాడగా పాడగా అలవాటైపోయింది. పదోసారికో పన్నెండోసారికో నాదే అనిపించింది. ఆ తప్పు మాత్రం నాదే, మీ నాన్నగారిది కాదు" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన చెప్పిందంతా నిజమని తెలిసిపోయింది. అబద్ధం చెప్పేవాళ్ళు అలాంటి సంగతి చెప్పుకోరు. నోటుబుక్కు ఏదని అడిగాను. "ఇంట్లో ఎక్కడో ఉండాలి" అన్నారు. ఆ ఎక్కడో అన్న మాటకు నాకు ఏడుపొచ్చింది. రేడియో వాళ్ళకు రాసి సంగతి చెబుతానన్నారు. రాయలేదు. ఆ మరుసటేడు పోయారు.

సారు మా ఇంటికి వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పరకాల బస్సెక్కి, హనుమకొండలో మారి జనగామ చేరాను. దారి పొడుగునా బాపు కాదంటాడని ఆశ. ఆయన పెరట్లో కూర్చుని చింతపండు రంగు చూస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "చెప్పకుంట వచ్చినవేంది బిడ్డ? పిల్లలేరి?" అన్నాడు. అమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చి అక్కడే నిలబడింది.

"సారు భూపాలపల్లికి వచ్చిండు బాపు. స్టేషన్ల నువ్వడిగింది చెప్పిండు."

ఆయన చేతిలోని చింతపండు బుట్టలో పెట్టాడు. "చెప్పిండా? ఎవ్వలికి చెప్పనన్నడు గద" అన్నాడు.

కాదంటాడన్న ఆశ అక్కడితో పోయింది. అమ్మ వైపు చూశాను. అమ్మ చూపు తిప్పుకుంది. ఆమెకూ తెలుసన్నమాట.

"నన్నొక్క మాట అడుగద్దా? నేనే పేరు తీసేస్తుంటి."

"నువ్వు తియ్యవ్" అన్నాడు బాపు. "నీ సంగతి నాకు తెల్వదా? గా ముసలామె గట్లన్నంక నాకు మూడు దినాలు బువ్వ సయించలే. పాట వద్దని నేను అన్ననా? తంబూరా గుంజుకున్ననా? పేరొక్కటే గద. నీ కాపురం మంచిగున్నది, పిల్లలు మంచిగున్నరు. ఇంకేం గావాలె?" ఆయన బుట్టను పక్కకు జరిపాడు. "గా పాట రేడియోల వచ్చినప్పుడల్ల గిరాకీని నిలవెట్టి విన్న తెలుసా? ఇంతవరకు ఒక్కపారి ఇడిసిపెట్టలే."

"విని ఏమన్నవ్ వాళ్ళకు?"

"మా సారు పాట అన్న."

"ఇన్నేండ్లల్ల ఒక్కనికన్న చెప్పినవా, గది నా బిడ్డ కట్టిందని?"

"ఎట్ల చెప్త? సారుకు మాటిచ్చిన గద. ఆయన పరువు ఏంగావాలె?"

"మరి నాకు?"

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "నీకేంది?" అన్నాడు.

"నాకేం మాటిచ్చినవ్ బాపు?"

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదది. చిన్నప్పుడు నేను ఏదైనా తెలివితక్కువ ప్రశ్న వేస్తే నవ్వే నవ్వు. లేచి వచ్చి నా తల మీద చేయి వేశాడు. "పిచ్చిదానా, నువ్వు నా బిడ్డవు. నీకు మాటిచ్చుడేంది?" అన్నాడు.

పోట్లాడటానికి పోయినదాన్ని, ఆ చేయి తోసెయ్యలేకపోయాను. దాని కింద తల వంచుకుని నిలబడ్డాను. అమ్మ పెట్టిన అన్నం తిన్నాను, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చేశాను. ఇవాళ మా దగ్గరికి పాట నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ఒక సంగతి కొత్తగా కడితే చాలు, సెల్ఫోనులో రికార్డు చేసి కింద తమ పేరు పెట్టి లోకమంతా పంపించేస్తారు. వాళ్ళ తండ్రులే అది పదిమందికి చూపిస్తారు. నాకు ముచ్చటేస్తుంది, కడుపు మండుతుంది, రెండూ నిజమే. సారును నేను ఎప్పుడో క్షమించేశాను, పరాయి మనిషి కనుక అది తేలిక. బాపు ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. పండుగలకు పోయేదాన్ని, జబ్బు చేస్తే వెళ్ళి దగ్గరుండి చూసుకున్నాను. పాడమంటే పాత కృతులు పాడేదాన్ని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ ఏళ్ళలోనే నేను అరవై దాకా పాటలు కట్టాను. సభల్లో పాడారు, పేపర్లలో రాశారు, ఆయనకు తెలుసు. వాటిలో ఒక్కటి కూడా నేను ఆయనకు పాడి వినిపించలేదు. నీ పాట ఒకటి పాడు బిడ్డ అని ఒక్కసారి అడిగితే చాలు, అన్నీ పాడేదాన్ని. పదకొండేళ్ళు చూశాను. అడగలేదు.